మామగారి నల్లకర్ర జవాబులు

మా ఇంట్లో కర్రపెత్తనం అంటే మాటవరసకి అనే మాట కాదండీ. నిజంగానే కర్ర ఉంటుంది, పెత్తనమూ ఉంటుంది. రెండూ మా ఆవిడ సబీనా చేతిలోనే ఉంటాయి.

నా పేరు పోల్డింగ్. సెబూ దీవికి దక్షిణపు కొసన మా ఊరు. శవపేటికలు చేసి బతుకుతాను. కింద కొట్టు, పైన కాపురం. పై ఇంటి నేల వెదురు బద్దలది కాబట్టి సందుల్లోంచి చూస్తే కింద వరసగా పెట్టెలు కనిపిస్తాయి. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఒక పూట కంటే ఎక్కువ ఉండరు. ఈ వృత్తిలో ఉన్న లాభాల్లో అదొకటి.

సబీనా బడిలో ఆటల టీచరు. వాళ్ళ నాన్న అంబ్రోసియో, అంటే మా మామగారు, ఎస్క్రిమా గురువు. ఎస్క్రిమా అంటే మా దీవుల కర్రసాము. ఆయన మా పెరట్లో నలభై ఏళ్ళపాటు ఊళ్ళో సగం మందికి నేర్పారు. నేను ఎప్పుడూ మిగతా సగంలోనే ఉన్నాను. మొన్న జనవరిలో ఆయన పోయారు. ఆయన పెట్టె నేనే చేశాను. ఆయన నల్లకర్రని మాత్రం పెట్టెలో పెట్టనివ్వకుండా సబీనా గోడకి, ఫోటో పక్కన, ఒక మేకుకి వేలాడదీసింది. రోజూ సాయంత్రం చర్చి గంట కొట్టగానే దాని ముందు కొవ్వొత్తి వెలిగిస్తుంది.

అసలు గొడవ అక్టోబరులో మొదలైంది. ఆరోగ్యకేంద్రంలో నర్సు నా రక్తపోటు చూసి, మిషను పాడైందనుకుని ఇంకోటి తెచ్చింది. అది కూడా అదే అంకె చూపించింది. అప్పుడు నర్సు మిషను వంక చూడటం మానేసి నా వంక చూడటం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం సబీనా నా కొలత టేపే తీసి నా నడుం చుట్టూ తిప్పింది.

"నువ్వు చేసే పెద్ద సైజు పెట్టెలో నువ్వే పట్టవు" అంది.

"నాది కాస్త వెడల్పు చేసుకుంటాలే" అన్నాను.

"చేసుకో. మోసేవాళ్ళని కూడా చెక్కతోనే చేసుకో."

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి నన్ను పెరట్లో నిలబెట్టింది. చేతికి పేముకర్ర ఇచ్చింది. మా సాములో దెబ్బలు పన్నెండు. ఒకటి ఎడమ కణత, రెండు కుడి కణత, మూడూ నాలుగూ భుజాలు, ఐదు పొట్ట, అలా పోయి పోయి పన్నెండోది నడినెత్తి. నా విషయంలో ఆవిడ ఎక్కడ మొదలుపెట్టినా ఐదో దెబ్బ దగ్గరే ఆగేది. గురి తప్పే వీలు లేదని నవ్వేది.

పైగా ఊరికే కొట్టదు. కొడుతూ చరిత్ర చెబుతుంది. పూర్వం మావాళ్ళందరి నడుముకీ కత్తులుండేవట. స్పెయిన్ దొరలు వచ్చి కత్తులు లాక్కున్నారట. అప్పుడు మావాళ్ళు అదే విద్యని కర్రలతో దాచుకున్నారట. నాటకాల్లో యుద్ధం సీన్లని చెప్పి దొరల కళ్ళముందే సాధన చేశారట. దొరలు చప్పట్లు కొట్టారట. ఆ దొరలు కత్తులతోపాటు కర్రలు కూడా పట్టుకుపోయి ఉంటే నాకీ తిప్పలుండేవి కావు కదా అని నాకు వాళ్ళమీద కొత్తగా కోపం వచ్చింది.

రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టి చాప అల్లినట్టు తిప్పే సాధన ఒకటుంది. దానివల్ల కీళ్ళు వదులవుతాయి, నెత్తురు పలచబడుతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది అని సబీనా చెప్పింది. పెరిగింది. అంతకుముందు ఎన్నడూ గుర్తులేని ఎముకలు కూడా గుర్తొచ్చాయి.

వారం రోజులకి నేనొక ఉపాయం ఆలోచించాను. సబీనా ఈ లోకంలో ఎవరికీ భయపడదు. ఆవిడ భయపడిన ఒక్క మనిషీ, మా మామగారు, ఆ లోకంలో ఉన్నారు. చేతకానివాడు తన పెరట్లో కర్ర పట్టడం ఆయనకి ఇష్టంలేదని తెలిస్తే చాలు, ఆవిడ నన్ను వదిలేస్తుంది.

సబీనా బడికి వెళ్ళిన వేళ చూసి, గోడకి వేలాడుతున్న నల్లకర్ర కింది కొసకి సన్నటి గేలపు తీగ కట్టాను. కంటికి కనపడదు. దాన్ని కర్రకి కుడిపక్క నేల సందులోంచి దింపి నా పనిబల్ల దాకా తెచ్చుకున్నాను. లాగి వదిలితే కర్ర వెనక్కి పోయి వచ్చి చెక్కగోడకి తగులుతుంది. టక్.

ఆ సాయంత్రం చర్చి గంట కొట్టింది. పైన అగ్గిపుల్ల గీసిన చప్పుడు. కొవ్వొత్తి వెలుగు సందుల్లోంచి నా పెట్టెల మీద చారలు చారలుగా పడింది. తీగ ఒకసారి లాగాను.

టక్.

పైన ఏ అలికిడీ లేదు. కెవ్వుమంటుందనుకుని చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. అరవలేదు. కాసేపటికి నెమ్మదిగా వంటింట్లోకి నడిచి వెళ్ళిన అడుగులు, తిరిగి వచ్చిన అడుగులు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"నాన్నా, చక్కెర తక్కువే వేశాను" అంది.

భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అక్కడే. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో సబీనా నాకు చెప్పకుండా దాచుకున్న విషయం అదొక్కటే. మెల్లగా వెళ్ళి ఫోటో ముందు కాఫీ గ్లాసు చూశాను. ఖాళీగా ఉంది. అడుగున మడ్డి మాత్రం మిగిలింది.

మూడో రోజు సాయంత్రానికి పక్కింటి తిక్లా అక్కని తోడు పిలుచుకుంది. మా ఊళ్ళో ఏ వార్త పుట్టినా తిక్లా అక్క చేతుల మీదే పుడుతుంది, ఆవిడ చేతుల మీదే పెరిగి పెద్దదవుతుంది. ఇద్దరూ జపమాలలు పట్టుకుని కర్ర ముందు కూర్చున్నారు. సబీనా కర్రతో ఒప్పందం కుదుర్చుకుంది. ఒక దెబ్బంటే ఔను. రెండంటే కాదు. మూడంటే తప్పదు.

"నాన్నా, పోల్డింగ్ రోజూ సాము చెయ్యాలా?" అని అడిగింది.

నా పనింత సులువు చేసినందుకు మా ఆవిడ మీద ప్రేమ పుట్టింది. రెండుసార్లు లాగాను. టక్, టక్. తీగ వదిలేసి చేతులు దులుపుకున్నాను.

అప్పుడు మెల్లగా, తొందరేమీ లేనట్టు, మూడోది వినిపించింది.

తీగ నా పక్కన నేలమీద వదులుగా పడి ఉంది. పైనుంచి సబీనా ఆదివారాలు కూడానా అని అడిగింది. మళ్ళీ రెండుసార్లు లాగాను. మళ్ళీ మూడోది వచ్చింది. కొబ్బరికల్లు కూడా మానెయ్యాలా అని అడిగింది. ఈసారి తీగ ముట్టుకోలేదు. మూడూ వాటంతటవే వచ్చాయి.

పైకి వెళ్ళి చూస్తే కర్ర నిశ్చలంగా వేలాడుతోంది. తిక్లా అక్క మొహం పాలిపోయి ఉంది. సబీనా రెండు చేతులూ జపమాల మీదే ఉన్నాయని, కర్ర తనంతట తనే కొట్టుకోవడం కళ్ళారా చూశానని సిలువ మీద ఒట్టు వేసింది. కాఫీ గ్లాసు ఆ రోజూ ఖాళీగానే ఉంది.

ఆ మర్నాటి నుంచి ఐదింటికి ఎవరూ లేపనక్కర్లేకుండా లేచాను. కల్లు మానేశాను. పెరట్లో కోళ్ళు జామచెట్టు కిందికి రావడం మానేశాయని అప్పుడే గమనించాను. గింజలు అక్కడ చల్లినా సరే, మెడలు చాచి చూసి, చుట్టూ తిరిగి అవతలకి పోయేవి. సబీనాతో అన్నాను. పన్నెండో దెబ్బ సరిగ్గా తియ్యమంది.

తీగ పీకేద్దామంటే ధైర్యం చాల్లేదు. అది ఉన్నంతవరకూ కనీసం కొన్ని దెబ్బలు నావి. అది పోతే అన్నీ ఆయనవే.

తిక్లా అక్క ఊరుకునే మనిషి కాదు కదా. నాలుగు రోజుల్లో మా మెట్ల దగ్గర జనం. మామగారి శిష్యులు, శిష్యుల భార్యలు, ఏ సంబంధమూ లేనివాళ్ళు. చర్చి గంట కొట్టే వేళకి చెప్పులు విప్పి వరసగా వచ్చేవారు. ఒకాయన తన పుంజు ఆదివారం పందెంలో గెలుస్తుందా అని అడిగాడు. ఒకావిడ తన మొగుడు చెప్పే రాత్రి డ్యూటీ నిజమేనా అని అడిగింది. నేను కింద పెట్టెల మధ్య కూర్చుని, చెమటలు కక్కుతూ, అందరికీ ఏదో ఒకటి లాగేవాణ్ణి. పుంజు ఓడింది. డ్యూటీ ఆయన రెండు రోజులు మా కొట్టు వరండాలోనే పడుకున్నాడు.

ఒక రోజు ఇసియో తాత వచ్చాడు. ఎనభై దాటినవాడు. మామగారితో చిన్నప్పటి నుంచీ జోడీగా సాము చేసిన మనిషి. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీద ఆయన ఊపిరి నాకు కింద వినిపించింది. వచ్చి కర్ర ముందు కూర్చున్నాడు.

"అంబ్రో, మన ఆట సగంలో ఉండిపోయింది. ఇంకోసారి ఆడదామా?" అన్నాడు.

ముసలాయన అంత ఆశగా అడిగితే కాదని ఎలా లాగను? ఒకసారి లాగాను. టక్. పైన ఇంకే చప్పుడూ రాలేదు. ఇసియో తాత చిన్నపిల్లాడిలా నవ్వి, సబీనా తల నిమిరి, దిగి వెళ్ళిపోయాడు.

మూడు రోజుల తర్వాత, పొద్దున్న పది గంటలకి, సన్నగా వాన పడుతుంటే ఆయన కూతురు కొట్టులోకి వచ్చింది. గొడుగు మూసి నా పనిబల్లకి ఆనించింది. నాన్నకి పెట్టె కావాలి అంది. కొలతలు తనే రాసుకొచ్చింది. నిద్రలోనే పోయాడట. మొహం మీద నవ్వుందట. మంచి చావని ఆవిడ నాతో చెప్పి, నా మొహం చూసి, నన్నే ఓదార్చింది.

ఆవిడ వెళ్ళాక ఆ కొలతల కాగితం బల్ల మీద పరిచాను. ఆడదామా అని ఆయన అడిగాడు. సరే రమ్మని పిలిచింది నేను. గేలపు తీగతో పిలిచాను.

మధ్యాహ్నమంతా ఇసియో తాత పెట్టెకి చిత్రిక పడుతూనే ఉన్నాను. చనిపోయినవాళ్ళ పండగ రెండు రోజుల్లో ఉందని బడికి సెలవులిచ్చారు. సబీనా దగ్గరికి సాముకొచ్చే పిల్లలు కూడా రావడం లేదు. అందరూ సమాధులు కడిగి సున్నం వేసే పనిలో ఉన్నారు. వీధి ఖాళీ. వాన వెలిసింది. నేను చిత్రిక ఆపి పొట్టు ఊదాను.

పెరట్లో కర్రలు మోగుతున్నాయి.

ఒక కర్ర కాదు, రెండు. ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. టక టక టక్. కొంచెం ఆగి, మళ్ళీ. చాప అల్లినట్టు, తొందర లేకుండా, ఏళ్ళ తరబడి కలిసి ఆడినవాళ్ళ లయ. నాకు సాము రాకపోయినా ఆ చప్పుడు తెలుసు. పంతొమ్మిదేళ్ళు ఆ చప్పుడుకే నిద్ర లేచాను.

వెనక తలుపు సందులోంచి చూశాను. ఎవరూ లేరు. కోళ్ళన్నీ కంచె దగ్గర గుంపుగా నిలబడి జామచెట్టు వైపు చూస్తున్నాయి. కర్ర మోగినప్పుడల్లా అన్ని తలలూ ఒకేసారి అటూ ఇటూ కదులుతున్నాయి.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. సబీనా వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, పండక్కి జిగురుబియ్యం కొబ్బరిపాలలో బెల్లం వేసి కలుపుతోంది. ఆవిడ పక్కన కూలబడి మొత్తం చెప్పేశాను. తీగ, బల్ల, లాగడం, పుంజు, డ్యూటీ, ఇసియో తాత. తాతని చంపింది నేనేనని కూడా చెప్పాను.

ఆవిడ గరిటె ఆపలేదు. మొదటి రోజే తెలుసు అంది.

"నాన్నది ఎడమచేతి వాటం. నువ్వు తీగ కట్టిన వైపు నుంచి ఆయన దెబ్బ ఎప్పుడూ రాలేదు" అంది.

మరి మిగిలిన దెబ్బలు? ఆవిడ కాలితో గోడని తన్నితే కర్ర కదిలి కొట్టుకుందట. రెండు చేతులూ జపమాల మీద ఉన్నాయని తిక్లా అక్క వేసిన ఒట్టు అక్షరాలా నిజమేనట, కాళ్ళ సంగతి ఎవరూ అడగలేదట. మరి కాఫీ? తిక్లా అక్కకి పక్కవాళ్ళ ఇంటి కాఫీ అంటే ప్రాణమట. మొదటి రోజు సబీనా వంటింటి కిటికీలోంచి అందిస్తే తాగింది, ఖాళీ గ్లాసు మళ్ళీ ఫోటో ముందుకి చేరింది. ఆ తర్వాత తోడుగా కూర్చుని తాగింది.

నేను తల దించుకుని పొయ్యిలో నిప్పుల వంక చూస్తున్నాను. ఆవిడ గొంతు కొంచెం మెత్తబడింది. ఇసియో తాత గుండె ఇక ఎన్నో రోజులు ఆడదని డాక్టరు ముందే చెప్పాడట. ఆ రోజు మెట్లు దిగుతూ, ఇక నిశ్చింతగా నిద్రపోతానని సబీనాతో అన్నాడట.

"టిక్కెట్టు చేత్తో పట్టుకునే వచ్చాడయ్యా ఆయన. బండి ఉందని నువ్వు చెప్పావు, అంతే."

నా ప్రాణం కుదుటపడింది. అయితే పెరట్లో ఆ కర్రల చప్పుడు కూడా నువ్వు పెట్టించిందేనా, తిక్లా అక్క ఎక్కడ దాక్కుంది అని అడిగాను.

గరిటె అప్పుడు ఆగింది.

"ఏ చప్పుడు?"

ఇద్దరం చెవులు రిక్కించాం. పాకం బుడగలు చిట్లుతున్నాయి. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వాటి వెనకనుంచి అది వచ్చింది. టక టక టక్.

సబీనా మెడ పక్కకి వంచి, కళ్ళు మూసుకుని వింది. పెదాలు కదులుతున్నాయి. పన్నెండు దాకా లెక్కపెట్టింది.

"అందులో ఒకటి ఎడమచెయ్యి" అంది.

కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. చేతులు గౌనుకి తుడుచుకుని నాకెదురుగా వచ్చి కూర్చుంది. ఆవిడ మొహంలో అంతకుముందున్న చిలిపితనం లేదు.

"నాన్న పోయిన రోజు నేను బడిపిల్లల్ని తీసుకుని జిల్లా పోటీలకి వెళ్ళాను. ఆయన పక్కన ఉన్నది నువ్వు. నేను లేనని బాధపడ్డారా అని కర్రని అడుగుదామని రోజూ అనుకునేదాన్ని. జవాబిచ్చేది నువ్వేనని తెలిసి అడగలేదు. ఇప్పుడు నీ మొహం చూసి అడుగుతున్నాను."

చెప్పాను. ఆయన గొంతు తడిపితే కళ్ళు తెరిచారు. పిల్లలు గెలిచారా అని అడిగారు. గెలిచారన్నాను. అప్పటికి వాళ్ళ ఆట మొదలే కాలేదు. మా అమ్మాయి ఉండగా ఎలా ఓడతారు అని నవ్వారు. బాధపడలేదు. నిన్ను వెళ్ళమన్నది నేనే కదా అని గోడవైపు చూస్తూ, నువ్వక్కడ ఉన్నట్టే మాట్లాడారు.

సబీనా కళ్ళ నీళ్ళు కారనిచ్చింది. తుడుచుకోలేదు. ఇంకేమీ అనలేదా అని అడిగింది.

లేదని చెప్పి ఉండొచ్చు. పది నెలలుగా చెబుతున్నది అదే. కానీ కింద ఆ కర్రల చప్పుడు ఆగిపోయింది. ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు ఆగింది. నా నోట అబద్ధం రాలేదు.

"నా చెయ్యి పట్టుకుని చూశారు. 'సబీనాతో చెప్పు, నీకు కూడా నేర్పమను. ఒళ్ళే బరువు గానీ చెయ్యి మంచిది' అన్నారు."

ఆయన చివరిమాట పది నెలలు దాచావా అంది సబీనా. దాచానన్నాను. ఎందుకు అంది.

"పొద్దున్నే లేవాల్సి వస్తుందని" అన్నాను.

ఆవిడ మొదట ఏడ్చింది. మధ్యలో నవ్వు వచ్చింది. తర్వాత రెండూ కలిసిపోయి, నా భుజం మీద తల పెట్టి, నేల బద్దలు కదిలిపోయేలా వెక్కిళ్ళు పెట్టింది. వాళ్ళ నాన్న పోయాక ఆవిడ అలా ఏడవడం అదే మొదటిసారి. నేనెంత వెధవపని చేశానో అప్పుడు అర్థమైంది. ఆ ఒక్కమాట జనవరిలోనే చెప్పి ఉంటే ఆవిడ ఆ ఏడుపు జనవరిలోనే ఏడ్చి ఉండేది.

కాసేపటికి లేచింది. గోడ మీది నల్లకర్ర తీసింది. దాని కొసకి ఉన్న తీగని పళ్ళతో కొరికి తెంపింది. కర్ర నా చేతిలో పెట్టి, తను పేముకర్ర తీసుకుంది.

"పద" అంది.

"ఇప్పుడా? కింద వాళ్ళున్నారు కదా" అన్నాను.

"ఉండనీ. పెద్దవాళ్ళు. మనకి చోటిస్తారు."

ఆవిడ ముందు దిగింది. ఆవిడ వెనకాల, ఇసియో తాత పెట్టె పక్కనుంచి, కర్రని రెండు చేతులా గుండెకి హత్తుకుని నేను దిగాను. పెరడంతా వాననీళ్ళు, బురద. జామచెట్టు కింద మాత్రం ఇద్దరు ఎదురెదురుగా నిలబడేంత మేర నేల పొడిగా, చదునుగా, అప్పుడే తొక్కినట్టుగా ఉంది. ఎవరూ లేరు. కోళ్ళు కంచె దగ్గరే ఉండి, ఇప్పుడు నా వంక చూస్తున్నాయి.

సబీనా ఆ పొడినేల అంచు దగ్గర ఆగి కర్ర నుదుటికి ఆనించి నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

"నిలబడు" అంది. వెళ్ళి నిలబడ్డాను. నేల కాళ్ళకింద వెచ్చగా ఉంది.